కవర్ సాంగ్: భూమి ఒకరిది, పంట మనది

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో చిన్న స్టూడియోలో ఒక సినిమా పాటను మళ్లీ పాడిస్తారు. ట్రాక్, అంటే పాట వెనక వాయిద్య సంగీతం, కొత్తగా కట్టిస్తారు. లక్నవరం చెరువు కాడ వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతారు. అప్‌లోడ్ పూర్తవుతుండగానే కాపీరైట్ క్లెయిమ్ వచ్చిపడుతుంది. అప్పుడు వినిపించే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "గొంతు నాది, ట్రాక్ నేను పైసలిచ్చి చేయించుకున్న. పాట వాళ్లదెట్లయితది?"

ప్రశ్నలో తప్పేం లేదు. తిరకాసంతా 'పాట' అనే మాటలో ఉంది. మనం ఒక్కటే అనుకునే పాటలో చట్టం మూడు ఆస్తులను చూస్తుంది. రాసిన మాటలు సాహిత్య రచన. కట్టిన బాణీ సంగీత రచన. ఆ రెంటినీ కలిపి పాడించి, వాయించి, మైకు ముందు పట్టుకున్నది సౌండ్ రికార్డింగ్. స్టూడియో వాళ్లు దాన్నే మాస్టర్ అంటారు. మూడింటికీ హక్కులు వేరు, గడువులు వేరు, ఒక్కోసారి హక్కుదారులూ వేరు.

మన దగ్గర దీన్ని వ్యవసాయంతో చెబితే సులువు. మాటలూ బాణీ భూమి, రికార్డింగ్ పంట. కవర్ పాడటమంటే ఇంకొకరి భూమిలో మన విత్తనం వేసుకోవడం. పంట మనదే, కాదనేవాళ్లు లేరు. కాని పట్టాదారుకు కౌలు కట్టాలి. అసలు పాటలోని మ్యూజిక్ బిట్‌ను ఎత్తుకొచ్చి దాని మీద పాడితే అది కవర్ కాదు, ఇంకొకరు పండించిన చేనును కోసుకుపోవడం. తగాదాలన్నీ ఈ రెంటినీ ఒక్కటిగా చూడటం వల్లే వస్తున్నాయి.

ఈ తేడా విలువ ఎంతో అమెరికా పాప్ సంగీతంలో బాగా కనిపిస్తుంది. 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' రాసి, బాణీ కట్టి, 1974లో విడుదల చేసింది డాలీ పార్టన్. 1992లో 'ది బాడీగార్డ్' సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ పాడాకే అది ప్రపంచమంతా మోగింది. ఆ పంట డాలీది కాదు, భూమి మాత్రం ఆమెదే. అందుకే ఇంకొకరి గొంతులో అమ్ముడైన ప్రతి కాపీ మీదా రచయిత్రిగా ఆమెకు డబ్బు వచ్చింది. అంతకుముందు ఎల్విస్ ప్రెస్లీ ఆ పాట పాడతానన్నప్పుడు, రచన హక్కుల్లో సగం ఇవ్వాలని అతని మేనేజర్ షరతు పెట్టాడు. డాలీ ఒప్పుకోలేదు. టేలర్ స్విఫ్ట్ కథ దీనికి తిరగేసిన బొమ్మ. పాటలు రాసింది ఆమె, మాస్టర్లు కంపెనీవి. 2019లో అవి చేతులు మారాయి. ఆమె 2021 నుంచి తన పాత ఆల్బమ్‌లను తానే మళ్లీ పాడి విడుదల చేసింది. ఒక విధంగా తన పాటలకు తానే కవర్ పాడుకుంది.

అక్కడ ఇంకొకరి పాటకు కవర్ చేయడం సులువవడానికి 1909 నాటి చట్టం పునాది. ఒక పాట ఒకసారి రికార్డై మార్కెట్లోకి వచ్చాక, నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. రచయిత కాదనడానికి లేదు. మొదట్లో ఆ రుసుము కాపీకి 2 సెంట్లు. ఇంటర్నెట్‌లో "కవర్‌కు పర్మిషన్ అక్కర్లేదు, ఫీజు కడితే చాలు" అని చెప్పే వీడియోలన్నీ ఈ అమెరికా పద్ధతి గురించే. పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ కంపెనీలు ఏటా కొంత రుసుముకు అమ్మే కవర్ లైసెన్సు కూడా ఎక్కువగా అమెరికాలో జరిగే అమ్మకాల వరకే పనిచేస్తుంది. దాన్ని కొని వరంగల్‌లో నిశ్చింతగా కూర్చుంటే కుదరదు.

మన చట్టం ఏమంటుంది

మనకూ అలాంటి దారి ఒకటి ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన సెక్షన్ 31సి. అసలు రికార్డింగ్ హక్కుదారు అనుమతితో వచ్చినదైతే, ఆ పాటకు కవర్ చేసుకోవచ్చని అది చెబుతుంది. షరతులు మాత్రం గట్టివి.

మొదటిది గడువు. పాట తొలిసారి రికార్డైన సంవత్సరం ముగిశాక 5 పూర్తి క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. మన చల్లగరిగ చంద్రబోస్ రాసిన 'నాటు నాటు'నే తీసుకోండి. పాట 2021 నవంబరులో వచ్చింది. రికార్డింగ్ కూడా అదే ఏడాదిది అనుకుంటే, 2021 లెక్కలోకి రాదు. 2022, 23, 24, 25, 26 గడవాలి. 2027 జనవరి 1కి ముందు ఈ సెక్షన్ కింద ఆ పాట ముట్టడానికి లేదు. "ఐదేళ్లు" అనగానే 2026 నవంబరు అని లెక్కేసేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. హిట్టైన వారానికే కవర్ చేసే ఈ రోజుల్లో గడువు ఎంత దూరమో చూడండి.

తర్వాత నోటీసు. కనీసం 15 రోజుల ముందు హక్కుదారుకూ, కాపీరైట్ రిజిస్ట్రార్‌కూ తెలపాలి. కవర్ మీద వేసే లేబుల్ నమూనా ముందే పంపాలి. రాయల్టీ ముందే కట్టాలి, అదీ ఏడాదికి పాటకు కనీసం 50,000 కాపీల లెక్కన. లెక్కల పుస్తకాలు ఉంచాలి. చివరి రికార్డింగ్ ఏ మాధ్యమంలో వచ్చిందో అదే మాధ్యమంలో తేవాలి. ఇదంతా క్యాసెట్ కంపెనీల కాలాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన భాష. హసన్‌పర్తిలో ఒక ఫైలు తయారుచేసి అప్‌లోడ్ చేసే కుర్రాడికి 50,000 కాపీలంటే ఏమిటి? పైగా రాయల్టీ రేటు తేల్చాల్సిన కాపీరైట్ బోర్డు 2017లో మరో బోర్డులో కలిసిపోయింది, 2021లో అదీ రద్దయి పని కోర్టులకు పోయింది. అందుకే చిన్న గాయకులకు ఈ దారి కాగితం మీద ఉన్నదే తప్ప నడిచేది కాదని నా అభిప్రాయం.

ఇంకో షరతు చదివితే నవ్వొస్తుంది. కవర్ లేబుల్ మీద పాత గాయకుడి పేరు గాని బొమ్మ గాని, ఆ సినిమా పేరు గాని ఉండకూడదు. జనం అసలుదే అనుకుని మోసపోతారని. మన కవర్ వీడియోల థంబ్‌నెయిల్ మీద ముందుగా కనిపించేవి ఏవి? హీరో ఫొటో, సినిమా పేరు. అలాగని అన్ని పేర్లూ దాచమని కాదు. పాట రాసినవారిని, బాణీ కట్టినవారిని పేరుతో గుర్తించడం వాళ్ల నైతిక హక్కు, సెక్షన్ 57 కింద. పేరు వేసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టూ కాదు. "క్రెడిట్స్ అసలు ఓనర్‌కే, ఎవరి హక్కులూ భంగపరిచే ఉద్దేశం లేదు" అని డిస్క్రిప్షన్‌లో రాసే వాక్యానికి చట్టంలో నయాపైసా విలువ లేదు. ఇంకొకరి పాట అని తెలిసే వాడుకున్నానని మనమే రాసిచ్చినట్టు.

వీడియో పెట్టగానే లెక్క మారుతుంది

31సి ఇచ్చేది ధ్వనికి మాత్రమే. బొమ్మ జోడించగానే అది చట్టం దృష్టిలో సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్, ఫోన్‌తో తీసినా సరే. దానికి మాటల హక్కుదారు, బాణీ హక్కుదారు విడిగా ఒప్పుకోవాలి. దీన్నే సింక్ లైసెన్సు అంటారు. రేటు ప్రభుత్వం నిర్ణయించదు, బేరం కుదరాలి.

ఇంత కఠినమైతే యూట్యూబ్‌లో లక్షల కవర్లు ఎలా బతుకుతున్నాయి? అక్కడ నడిచేది కౌలు కాదు, పాలు. పట్టాదారు ఊరుకుంటాడు, పంటలో వాటా తీసుకుంటాడు. కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ అసలు రికార్డింగ్ ముక్కనే కాదు, బాణీ పోలికను కూడా పట్టగలదు. అందుకే ట్రాక్ పూర్తిగా కొత్తదైనా క్లెయిమ్ వస్తుంది. హక్కుదారు ముందున్నవి మూడు దారులు: వీడియోను ఆపేయడం, ప్రకటనల ఆదాయం తానే తీసుకోవడం, ఊరికే గమనిస్తూ ఉండటం. రెండోదే ఎక్కువ. ప్రకటనల ఆదాయం పంచే యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రాంలో ఉన్న ఛానల్ అయితే, హక్కుదారు అంగీకరించిన కొన్ని పాటల విషయంలో గాయకుడికీ వాటా వస్తుంది. కాని వేరేవాళ్లు రికార్డు చేసిన కరోకే ట్రాక్ (గొంతు లేని సంగీతం) మీద పాడితే ఆ వాటాకు అర్హత ఉండదు.

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే ఆదాయం పోతుంది, ఛానల్‌కు దెబ్బ తగలదు. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టప్రకారం తొలగింపు కోరాడని. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ మూతపడుతుంది. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, క్లెయిమ్ చూసి ఉడుక్కుని "పాడింది నేనే" అని డిస్ప్యూట్ (అభ్యంతరం) పెడతారు. అవతలివాళ్లకు 30 రోజుల గడువుంటుంది. వాళ్లు దాన్ని తోసిపుచ్చి తొలగింపు నోటీసు ఇస్తే, అప్పటిదాకా క్లెయిమ్‌గా ఉన్నది స్ట్రైక్‌గా మారుతుంది. గొంతు మీదే కావడం డిస్ప్యూట్‌కు కారణం కాదు. వాళ్లు అడిగేది పంట గురించి కాదు, భూమి గురించి.

ట్రాక్ ఎక్కడిది?

అన్నిటికంటే ఎక్కువ కవర్లు చెడేది ఇక్కడే. "కరోకే ఫ్రీగా దొరికింది" అంటారు. కరోకే ట్రాక్ కూడా ఒకరు వాయించి రికార్డు చేసిన పంటే, దానికీ యజమాని ఉంటాడు. ఇప్పుడు ఏఐ సాఫ్ట్‌వేర్లు అసలు పాటలోంచి గొంతును తీసేసి సంగీతాన్ని విడిగా ఇస్తున్నాయి. దాని మీద పాడితే మూడో ఆస్తిని కూడా ముట్టుకున్నట్టే. వినడానికీ అది బాగుండదు: అసలు గాయకుడి 'స', 'ష' అక్షరాల గీర మిగిలిపోతుంది, ప్రతిధ్వని తోక వెనకాల దయ్యంలా తిరుగుతుంది, తాళాల మెరుపు పోయి నీళ్లలోంచి విన్నట్టుంటుంది.

పైగా శ్రుతి కుదరదు. మగ గొంతు రెండు శ్రుతిలో పాడిన పాటను ఐదు శ్రుతి ఆడ గొంతుకు తేవాలంటే ఐదు అరస్వరాలు (కీబోర్డ్ మీద నల్లవీ తెల్లవీ కలిపి ఐదు మెట్లు) పైకి జరపాలి. రికార్డైన ధ్వనిని రెండు మూడు అరస్వరాలకు మించి జరిపితే డోలక్ డబ్బా కొట్టినట్టు, వేణువు ఈలలా అయిపోతుంది. అదే కీబోర్డ్ ప్రోగ్రామర్ స్వరం స్వరం వాయించి కట్టిన ట్రాక్ అయితే శ్రుతి మార్చడం ఒక్క క్షణం పని. కాబట్టి ప్రోగ్రామింగ్‌కు కూర్చునే ముందే శ్రుతి తేల్చుకోవాలి. పల్లవి పాడి చూసి నిర్ణయిస్తే పొరపాటే. చరణంలో అన్నిటికంటే పైకి వెళ్లే పాదాన్ని నిండు గొంతుతో వరసగా మూడుసార్లు పాడండి, మూడోసారి మెడ నరం బిగిస్తే అర శ్రుతి దించండి. తర్వాత అన్నిటికంటే కింది స్వరం గాలిగా పోకుండా మాట వినబడుతోందో లేదో చూడండి. స్టూడియోలో పదిహేనో టేకు కూడా అదే పాదం పాడాల్సి వస్తుందని గుర్తుంచుకుని శ్రుతి పెట్టుకోవాలి.

గొంతు రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో చాలు. మైకుకు జానెడు దూరం, మధ్యలో ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్. గట్టిగా పాడిన చోట మీటరు మైనస్ 10 నుంచి మైనస్ 6 డెసిబెల్ మధ్య ఆగాలి. సున్నా తాకితే పగిలిన ధ్వనిని ఏ ప్లగిన్ అతికించలేదు. వేసవిలో కూలర్ ఆపాల్సిందే. ఇన్వర్టర్ మీద నడిస్తే సన్నటి గూంకారం చేరుతుంది, హెడ్‌ఫోన్‌లో నిశ్శబ్దాన్ని అర నిమిషం వింటే తెలుస్తుంది. శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ వేగం పెంచి స్వరాలన్నీ నిటారుగా నిలబెడితే గమకం చచ్చిపోతుంది; తప్పిన స్వరాన్ని ఒక్కొక్కటిగా చేత్తో సరిచేయడం ఆలస్యమే, కాని పాట బతుకుతుంది.

డప్పు పెడితే నిజమైన డప్పు పెట్టండి. వానకాలంలో చర్మం చెమ్మకు వదులై శబ్దం బొద్దుగా వస్తుంది. మంట మీద కాచి, బిగిశాకే రికార్డు చేయాలి. అదీ ఒక టేకు అయ్యాక మళ్లీ చల్లబడుతుంది, టేకుల మధ్య కాస్తూ ఉండాలి, లేకపోతే మొదటి చరణం డప్పుకూ రెండో చరణం డప్పుకూ పొంతన కుదరదు. మైకు మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండాలి, గాయని ఆ గదిలో ఉండకూడదు. చివర మాస్టరింగ్‌లో, అంటే పాటకు తుది మెరుగు దిద్దేటప్పుడు, "సౌండ్ పెంచన్నా" అనే ఒత్తిడి వస్తుంది. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) కంటే గట్టిగా ఉన్న పాటను తానే తగ్గిస్తుంది. మైనస్ 7కు నొక్కి పంపితే పాట గట్టిగా వినపడదు, డప్పు దరువు చదునై మిగులుతుంది, అంతే. అత్యధిక శిఖరం మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపి, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైల్ ఇవ్వాలి.

మాట మార్చితే

కోస్తా యాసలో ఉన్న పాటను మన యాసలోకి మార్చి పాడటం, మధ్యలో నాలుగు లైన్ల ర్యాప్ చేర్చడం ఇప్పుడు బాగా నడుస్తోంది. చెవికి ఇంపుగానే ఉంటుంది. కాని 31సి దీన్ని ఒప్పుకోదు: రికార్డింగ్‌కు సాంకేతికంగా తప్పనిసరైన మార్పు తప్ప, హక్కుదారు అనుమతి లేని ఏ మార్పూ చేయకూడదు. బాణీ అదే ఉంచి కొత్త మాటలు రాస్తే మాటలు మీవి, బాణీకి అనుమతి కావాలి. బారాత్‌ల డీజే రీమిక్సుల్లో అసలు గొంతే ఉంటుంది గనుక వాటిని కవర్ అనడమే తప్పు. అవి మూడు ఆస్తుల్నీ ఒకేసారి ముట్టుకుంటాయి.

"జానపదమే కదా, ఎవరిదీ కాదు"

ఉత్తర తెలంగాణలో ఎక్కువ గొడవలు సినిమా పాటల మీద కాదు, జానపదాల మీద. కరీంనగర్, జగిత్యాల, వరంగల్ వైపు ఛానళ్లకు తిండి పెడుతున్నవి ఇవే. ఎవరు కట్టారో తెలియకుండా తరాలుగా నాట్లలో, బతుకమ్మ చుట్టూ పాడుతున్న ఉయ్యాల పాట మీద ఎవరికీ పట్టా లేదు. అది ఊరుమ్మడి భూమి. కాని దానికి ఒక ఛానల్ కట్టించిన బీజీఎం, మధ్యలో కొత్తగా రాయించిన చరణం, వాళ్ల రికార్డింగ్ ఆ ఛానల్‌వే. పాటను ముసలమ్మ దగ్గర నేర్చుకుని పాడితే సమస్య లేదు. ఛానల్ వీడియో విని, వాళ్ల చరణాలతో సహా దించుకుంటే సమస్య. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం సుద్దాల అశోక్ తేజ రాయగా మంగ్లీ పాడిన 'సారంగదరియా' చుట్టూ రేగిన వివాదంలోనూ ఇదే చిక్కు: జనంలో ఉన్న పాట అన్నది ఒక వాదన, దాన్ని సేకరించి వెలుగులోకి తెచ్చిన గాయనికి గుర్తింపు ఏదీ అన్నది ఇంకో వాదన. సేకరించినవారికి చట్టం పట్టా ఇవ్వదు. పేరు వేయడం, ప్రతిఫలం ఇవ్వడం మర్యాద.

రెండో ఉచ్చు దీనికంటే లోతు. జానపదం అనుకునేవాటిలో చాలా పాటలకు రచయితలున్నారు. 'ఊరు మనదిరా' ఊరూరా పాడి పాడి ఎవరిదో మరిచిపోయారు గాని, అది మంచిర్యాల వైపు లింగాపురం నుంచి వచ్చిన గూడ అంజయ్యది. ఆయన 2016లో పోయారు. మాటల మీద హక్కు రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, అంటే 2076 చివరి వరకు. చినగూడూరు దాశరథి 1987లో పోయారు. ఆయన గీతాల మాటల హక్కు 2047 చివరి దాకా ఉంటుంది. రికార్డింగ్‌కు మాత్రం లెక్క విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60. అందుకే 1950ల నాటి గ్రామఫోన్ రికార్డు గడువు తీరిపోయి ఉండొచ్చు, అందులోని పాట మాటలకు ఇంకా హక్కు ఉండొచ్చు. పంట పాతబడినా పట్టా బతికే ఉంటుంది.

ఊరుమ్మడి పాట మీద కూడా ఎవరో డిస్ట్రిబ్యూటర్ ద్వారా ముందే నమోదు చేసుకుని క్లెయిమ్ వేస్తుంటారు. ఇక్కడ మాత్రం డిస్ప్యూట్ పెట్టాల్సిందే. బాణీ తరతరాలది, రికార్డింగ్ నాది అని రాసి, ఆధారం చూపాలి. అచ్చయిన పాత సేకరణ ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. మన దేవనూరువారైన బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద 1950లలోనే ఉస్మానియాలో పరిశోధన చేసి ప్రచురించారు. అలాంటి పుస్తకంలో పాట ఉన్న పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. పాట నేర్పినవారి గొంతును ఫోన్‌లో తేదీతో రికార్డు చేసి ఉంచుకోవడమూ మంచిదే.

అనుమతి అడగడం

ఎవరిని అడగాలో అసలు వీడియో డిస్క్రిప్షన్ చెబుతుంది. వృత్తంలో పీ అక్షరం పక్కన ఉన్న పేరు రికార్డింగ్ యజమానిది. సినిమా పాటల్లో సాధారణంగా నిర్మాత మూడు ఆస్తులనూ ఆడియో కంపెనీకి రాసిచ్చేస్తాడు కాబట్టి మాటలకూ బాణీకీ ముందు అక్కడే అడగాలి. ఉత్తరంలో పాట పేరు, సినిమా, సంవత్సరం, ట్రాక్ కొత్తగా వాయిస్తున్నామని, మాటలు మార్చడం లేదని, వీడియో ఉందని, ఏ వేదికల మీద, ఎంతకాలం, డబ్బు సంపాదిస్తారా లేదా అన్నది స్పష్టంగా రాయాలి. ఒక్క యూట్యూబ్‌కు తీసుకున్న అనుమతి రీల్స్‌కూ, కాలర్ ట్యూన్‌కూ చెల్లదు. ఫోన్‌లో "కానీండి బ్రదర్" అన్న మాట ఆ మేనేజర్ ఉద్యోగం మారేదాకే. ఉల్లంఘన రుజువైతే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా దాకా ఉంది. చిన్న ఛానళ్ల విషయంలో ఎక్కువగా స్ట్రైక్‌తోనే ఆగుతుంది గాని, ఉన్నదని తెలిసి ఉండాలి.

స్టేజీ మీద పాడటం వేరే సంగతి. పెళ్లిలో, బారాత్‌లో, దేవుడి ఉత్సవంలో పాడితే సెక్షన్ 52 మినహాయింపు ఉంది. కాలేజీ డేలో విద్యార్థులే పాడి, వినేవాళ్లు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులే అయితే అదీ చెల్లుతుంది. టికెట్ పెట్టి ఊరంతటినీ పిలిస్తే చెల్లదు. హోటల్లో, టికెట్ షోలో అయితే రచయితల, స్వరకర్తల తరఫున వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ లాంటి సంఘం లైసెన్సు నిర్వాహకుడు తీసుకోవాలి. 2017లో ఇళయరాజా తన పాటల విషయంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంకు నోటీసు పంపింది ఇలాంటి కచేరీల గురించే. పాడి ఆ పాటలకు పేరు తెచ్చిన గొంతుకు కూడా భూమి మీద పట్టా లేదు మరి.

పట్టాదారు సంగతి తేలాక పంట దగ్గర ఇంకో లెక్క మిగులుతుంది. కవర్ మాస్టర్ ఎవరిది, గాయనిదా, ఛానల్‌దా? చట్టం ప్రకారం రికార్డింగ్‌కు చొరవ, బాధ్యత తీసుకున్నవాళ్లది. అంటే మామూలుగా డబ్బు పెట్టిన ఛానల్‌ది. పాడిన వ్యక్తికి ప్రదర్శకురాలి హక్కు 50 ఏళ్లు ఉంటుంది, వాణిజ్య వాడకంలో రాయల్టీ కూడా. కాని పాటకు ఇంతని చేతికిచ్చి పంపేసిన చోట అది అడిగేవాళ్లు తక్కువ. ఐదు లైన్ల కాగితం చాలు: పాట, తేదీ, ముట్టిన మొత్తం, మాస్టర్ ఎవరిది, ఆదాయంలో గాయనికి ఎంత వాటా, పేరు ఎక్కడ వేస్తారు. సంతకాలు పాట పాడకముందే పడాలి. వ్యూస్ లక్షలు దాటాక ఆ కాగితం రాయించడం ఎవరి వల్లా కాదు.